మూఢనమ్మకం అనే ముందు భద్రాచలం ఫైలు తీయండి

సూది అంటే అడవిలోకి పరుగెత్తే జనం. 2021 కరోనా వేసవిలో మన గురించి టీవీలు చూపించిన బొమ్మ ఇది. అవగాహన లేదు, చదువు లేదు, మూఢనమ్మకం ఎక్కువ... మూడు ముక్కల్లో తేల్చేశారు. అంతకు పన్నెండేళ్ల ముందు భద్రాచలంలో ఏం జరిగిందో చెప్పిన యాంకర్ నాకైతే ఒక్కరూ కనపడలేదు.

2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. టీకా మెర్క్ కంపెనీది. వాళ్లలో ఎంతోమంది హాస్టళ్లలో ఉండి చదువుకునే మన పిల్లలే. పిల్ల హాస్టల్లో, అమ్మానాన్న గూడెంలో. మరి సంతకం ఎవరు పెట్టారు? విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద ఉన్నవి వార్డెన్ల, హెడ్‌మాస్టర్ల సంతకాలు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. ఆ వేలు ఒత్తిన తల్లికి కాగితంలో ఏముందో ఎవరు చెప్పారు? కోయలో చెప్పారా?

ఖమ్మంలో ఐదుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ అన్నది. సరే, ఒప్పుకుందాం. కానీ అడగకుండా మన పిల్లల చేతికి సూది గుచ్చిన సంగతి దాంతో మాసిపోదు కదా. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగానే తప్పుపట్టింది. ఊళ్లకు వచ్చి క్షమించమని అడిగింది ఎవరు?

ఆ ఊళ్లకే కరోనా టీకా వచ్చింది. కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి ఇచ్చేనాటికి మూడో దశ ఫలితాలే బయటికి రాలేదు. మే 1 నుంచి 18 దాటినోళ్లకు అన్నారు, కానీ కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవాలట. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాడికి ఓటీపీ! అక్టోబర్‌లో తెలంగాణలో టీకా లేకుంటే రేషన్, పింఛన్ బంద్ అనే మాట పుట్టింది. అలాంటిదేం లేదని చివరికి అధికారులే చెప్పుకోవాల్సి వచ్చింది. టీకా కోసం ఎవరినీ బలవంతపెట్టకూడదని 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పేసరికి ఏజెన్సీలో భయం ఎప్పుడో పాతుకుపోయింది.

మేం టీకాకు వ్యతిరేకం కాదు. సూది వేసుకుంటే పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో పంపినోళ్లు మనకు సర్కారు కంటే తక్కువ ద్రోహం ఏం చేయలేదు. వాగులు దాటి వచ్చిన ఆశా అక్కల మాట, ముందు తాము వేసుకుని చూపించిన ఊరిపెద్దల మాట జనం విన్నారు. వాళ్లు మనోళ్లు, రేపు జ్వరమొస్తే మళ్లీ కనపడతారు. మామూలు రోజుల్లో డాక్టర్ లేని పీహెచ్‌సీ టీకా రోజు మాత్రం జీపులతో దిగితే నమ్మేదెట్లా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇది పాత కథ కాదు. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. క్యాన్సర్‌ను ఆపే టీకా, మన పిల్లలకూ అందాలి. అయితే ఆ కాగితం హాస్టల్‌కు వచ్చిన రోజు వార్డెన్‌ను సంతకం పెట్టనివ్వకండి. తల్లిదండ్రులను పిలిపించండి. వాళ్ల భాషలో చదివి వినిపించమనండి, జ్వరమో వాపో వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు గోడ మీద రాయించండి.