ఇంటిలో దాచిన మాట



జహీరాబాద్ దగ్గర ఒక పల్లెలో ప్రార్థనకు వెళ్లాము. ఆ ఇంటి పాతికేళ్ల కుమారుడు చెరకు తోటలో స్పృహ తప్పి పడిపోయాడు. హైదరాబాదులో గుండె డాక్టరుగారు, "మీ వంశములో చిన్న వయస్సులో హఠాత్తుగా ఎవరైనా చనిపోయారా?" అని అడిగితే తండ్రి లేరన్నాడట. ఆయన తమ్ముడు ముప్పై ఏళ్లకే పొలములో కూలిపోయాడు. భూస్థాపన చేసినది మేమే. ఇదేమని అడిగితే, "పెండ్లికి ఆడపిల్ల ఉన్నది అయ్యగారూ" అని తల వంచుకొన్నాడు.

అబ్బాయికి పెట్ స్కాన్ వ్రాశారు. రేడియోధార్మిక గుణము కలిపిన చక్కెర వంటి మందును నరములోనికి ఎక్కిస్తారు. లోపల వాపు ఉన్నచోట కణములు ఆ చక్కెరను ఆబగా లాగుకొంటాయి, ఫొటోలో అక్కడ వెలుగు కనబడుతుంది. అయితే మంచి గుండె కండ కూడా చక్కెర తింటుంది గదా! అందుకే ముందురోజు అన్నము, జొన్నరొట్టె, బెల్లము, పండ్లు మానిపించి గుడ్లు, మాంసము, నెయ్యి వంటివి తినమంటారు. ఆ తరువాత ఉపవాసము. అప్పుడు మంచి కండ కొవ్వుతో సరిపెట్టుకొంటుంది, వాపు ఒక్కటే వెలుగుతుంది. తెల్లవారి ఎవరికీ తెలియకుండా ఒక చక్కెర టీ త్రాగితే, అంత ఖర్చు పెట్టిన పరీక్ష టీ పాలే. షుగరు వ్యాధి ఉన్నవారు మాత్రము ముందే డాక్టరుకు చెప్పాలి.

వెలుగు కనబడినా పేరు తేలదు. గుండె ప్రమాదకరముగా పరుగెత్తిన కొందరిలో క్షయగాని, సార్కాయిడోసిస్ అను జబ్బుగాని దాగియున్నదని హైదరాబాదు కేర్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రచురించారు. క్షయ అయితే క్షయ మందులు. కాని డెస్మోప్లాకిన్ అను జన్యువులో లోపమున్నా గుండెలో అట్టి వాపే వస్తుంది. ఆ లోపము తల్లికో తండ్రికో ఉంటే, కొడుకని కూతురని లేకుండా ప్రతి బిడ్డకూ రావడానికి సగము అవకాశము. ఏది క్షయ, ఏది వంశములోనిది అని తేల్చుటకు డాక్టరుకు ఇంటివారి మాట కావాలి. ఆ మాటనే మనము దాస్తున్నాము.

శాపమని కొందరు గుసగుసలాడారు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న ఇదే గదా! గుండెను బలహీనపరచే మరొక జన్యులోపము మన దేశములో నూటికి సుమారు 4 మందిలో ఉన్నదని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తదితరులు 2009లో తెలిపారు. అంతమందినీ శపించినదెవరు?

పెండ్లిమాట సంఘ పెద్దలతో మేము మాట్లాడతామన్నాము. సోమవారము ఆ తండ్రి తమ్ముని ఫొటో జేబులో పెట్టుకొని బస్సు ఎక్కాడు. డాక్టరుగారు అంతా విని, ముందు ఆయననే పడుకోబెట్టి ఇ.సి.జి. తీయించారట. కూతురిని వచ్చే వారము తీసికొని రమ్మన్నారు.