బ్యాగుల దగ్గర నేనుంటాలే

"మీరు వెళ్ళి రండి, బ్యాగుల దగ్గర నేనుంటాలే."

ఈ మాట మీలో ఎంతమంది, ఎన్నిసార్లు అని ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. నేనైతే లెక్క మర్చిపోయాను. అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి దగ్గరికి అందరూ ఎక్కుతుంటే అన్నాను. గండికోటలో పిల్లలు లోయ అంచుకి పరిగెత్తుతుంటే అన్నాను. బొర్రా గుహల మెట్ల దగ్గరా అన్నాను. ముప్పయ్యేళ్ళ కాపురంలో నేను చూసిన చోట్ల కంటే కూర్చున్న బెంచీలే ఎక్కువ.

కిందటి అక్టోబరులో స్పెయిన్‌లోనూ అదే జరగబోయింది. మా అమ్మాయి, అల్లుడు మాడ్రిడ్‌లో ఉంటారు. మమ్మల్ని గ్రెనడా చూపించి, అక్కడి నుంచి సియెర్రా నెవాడా కొండల్లోకి తీసుకెళ్ళారు. ఆ కొండల దక్షిణపు వాలును అల్పుహార్రా అంటారు. అందులో పొకేయిరా అనే లోయ, దాని పక్కవాలు మీద ఒకదాని పైన ఒకటిగా మూడు తెల్లటి ఊళ్ళు. కింద పాంపనేయిరా, మధ్యలో బుబియోన్, పైన కాపిలేయిరా. మేం దిగింది పై ఊళ్ళో. సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైనే ఉంటుంది. అక్కడి నుంచి పైకి చూస్తే స్పెయిన్ ప్రధాన భూభాగంలో అన్నిటికంటే ఎత్తయిన ముల్హాసేన్ శిఖరం వైపు కొండలు. 3,479 మీటర్లు!

రాత్రి భోజనాల దగ్గర మర్నాటి ప్లాను వేసుకున్నారు. వాళ్ళు ముగ్గురూ లోయ వెంబడి పైకి నడుస్తారట. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా, రూములో ఉంటుందిలే" అంది మా అమ్మాయి. మా వారు తలూపారు. నన్నెవరూ అడగలేదు.

మనసు చివుక్కుమంది. కానీ తప్పు వాళ్ళదా? పాతికేళ్ళుగా నేను నేర్పిన పాఠమే కదా అది! అడగక ముందే "నేను రాను" అంటూ వచ్చాను. ఇప్పుడు వాళ్ళు అడగడం మానేశారు, అంతే.

"నేనూ నడుస్తాను. మీతో కాదు, నా దారిన నేను" అన్నాను. ఒక్క నిమిషం అందరూ ఊరుకున్నారు. తర్వాత అల్లుడు, "అయితే అత్తయ్యా, ఇక్కణ్ణుంచి కింద ఊరికి దిగండి, సులువుగా ఉంటుంది" అన్నాడు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి తెలుసు, ఎక్కడం కంటే దిగడమే కష్టమని. అందుకని బస్సులో కిందికి దిగి, పాంపనేయిరా నుంచి పైకి ఎక్కుతానన్నాను. మధ్యలో అలిసిపోతే బుబియోన్‌లోనే ఆగిపోవచ్చు, బస్సు అక్కడికీ వస్తుంది.

పొద్దున్నే బస్సు దిగాను. చేతిలో నీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు, ఫోను. పాంపనేయిరా చౌకు దగ్గర ఒక ఊటనీళ్ళ కుళాయి ఉంది. పెళ్ళి చేసుకోవాలన్న కోరికతో ఆ నీళ్ళు తాగితే వెంటనే జోడీ దొరుకుతుందని దాని మీద రాసి ఉంటుంది. నేను ఉత్త దాహంతోనే తాగానని మా వారికి సాయంత్రం చెప్పాను లెండి!

దారి కనుక్కోవడం కష్టమేం కాలేదు. రాళ్ళ మీద, స్తంభాల మీద రంగు గీతలుంటాయి. తెలుపు ఎరుపు గీతలంటే చాలా దూరం పోయే పెద్ద దారి, తెలుపు పసుపు అంటే చుట్టుపక్కల ఊళ్ళ చిన్న దారి. ఇంటూ గుర్తు ఉంటే అటు పోవద్దని. చదవడం రాకపోయినా దారి తప్పరు.

కంచరగాడిదలు నడిచిన రాళ్ళ బాట అది. ఇరువైపులా రాతి కట్టలు కట్టిన చిన్న చిన్న మడిచెక్కలు, చెస్ట్‌నట్ చెట్లు. ఎక్కడో నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అవి అసేకియాలనే కాలువలు. వందల ఏళ్ళ క్రితం అక్కడ ముస్లిం రాజ్యం ఉన్న కాలం నాటి పద్ధతి. కొండ మీద మంచు కరిగిన నీటిని వాలు వెంబడి మళ్ళించి, కొంత పొలాలకి పారిస్తారు, కొంత కావాలనే భూమిలోకి ఇంకనిస్తారు. ఆ నీరు నెలల తర్వాత కింద ఊటలుగా పైకొస్తుంది. 1568లో తిరుగుబాటు జరిగి, దాన్ని అణిచేశాక ఆ కాలువలు తవ్విన వాళ్ళ వారసుల్ని రాజు అక్కణ్ణుంచి వెళ్ళగొట్టాడు. వేరే ప్రాంతాల నుంచి కొత్తవాళ్ళని తెచ్చి ఆ ఊళ్ళలో పెట్టారు. మనుషులు పోయారు, వాళ్ళ కాలువలు మాత్రం ఇంకా పారుతున్నాయి.

అరగంట ఎక్కి వెనక్కి తిరిగి చూశాను. కింద ఊరి పైకప్పులు కనబడ్డాయి. అన్నీ చదును మిద్దెలే! దూలాలు పరిచి, వాటి మీద రాతి పలకలో రెల్లు కర్రలో వేసి, పైన లావునా అనే బూడిదరంగు మట్టి పోస్తారు. తడిస్తే ఆ మట్టి బిగుసుకుని నీటిని దిగనివ్వదట. మా జేజి వాళ్ళ ఊరు జమ్మలమడుగు పక్కన. ఆమెదీ చవుడు మిద్దే. వానాకాలం ముందు చవుడు మన్ను మోసుకొచ్చి మిద్దె మీద పోసేది ఆడవాళ్ళే. ఎక్కడి స్పెయిను, ఎక్కడి కడప! అక్కడే ఒక రాయి మీద కూర్చుని చాలాసేపు చూశాను. "పదమ్మా, లేటవుతోంది" అనే వాళ్ళు లేరు.

బుబియోన్ చేరేముందు ఒక పెద్దావిడ ఎదురైంది. చేతిలో చెస్ట్‌నట్ కాయల సంచి. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకి రాదు. నేను మోకాలు చూపించాను. ఆమె తన మోకాలు చూపించి నవ్వింది. నా చేతిలో నాలుగు కాయలు పెట్టి కిందికి దిగిపోయింది.

అప్పుడనిపించింది. ఈ దారులు టూరిస్టుల కోసం పుట్టినవి కావు. నీళ్ళకి, పొలానికి, పక్కూరి చుట్టాల ఇంటికి నడిచిన మనుషుల కాళ్ళే వీటిని వేశాయి. మా జేజి బిందె నెత్తిన పెట్టుకుని బావి దగ్గరికి నడిచిన దూరం నేనిప్పుడు నడిచిన దూరం కంటే తక్కువేం కాదు. పని మీద నడిచినంత కాలం ఆడదాని కాళ్ళ గురించి ఎవరూ అడగరు. ఊరికే తన కోసం నడుస్తానంటే మాత్రం మోకాళ్ళు గుర్తొస్తాయి, ఇంట్లో వాళ్ళకీ, మనకీ కూడా.

మూడు గంటలు పట్టింది నాకు కాపిలేయిరా చేరడానికి. కుర్రవాళ్ళయితే గంటన్నరలో ఎక్కేస్తారేమో. పడితే పట్టనీ.

సాయంత్రం మా అమ్మాయి మెచ్చుకుంటుందనుకుంటే, "ఫోన్ ఎందుకు ఎత్తలేదు?" అని గట్టిగా కోప్పడింది. ఆ కోపంలో భయం ఉంది. అది కూడా నా దగ్గరే నేర్చుకుంది.

"విదేశాలు తిరిగే స్తోమత ఉంటే ఎన్నైనా చెప్తారు" అని మీరనుకోవచ్చు. నిజమే. ఒంటరిగా నడవడం మన దగ్గర అన్ని చోట్లా కుదరదన్నదీ నిజమే. అందుకే ఇప్పుడు మా వీధిలో ఇద్దరితో కలిసి ఆదివారం పొద్దున్నే ఊరి చివర గుట్ట దాకా వెళ్తున్నాను. దానికి వీసా అక్కర్లేదు. కూర్చోవాలనిపించే వాళ్ళు హాయిగా కూర్చోండి, విశ్రాంతి తప్పేమీ కాదు. కానీ అది మీకు కావాలనిపించిన విశ్రాంతా, బ్యాగులకి కాపలానా? ఆ రెండూ ఒకటి కావని నాకు యాభై రెండేళ్ళకి తెలిసింది.

చెప్పడం మరిచాను, మర్నాడు రెండు మోకాళ్ళూ బాగా నొప్పెట్టాయి. బెంచీ మీద కూర్చున్న రోజుల్లోనూ నొప్పెట్టేవి. ఈసారి మీ ఇంట్లో ప్లాను వేస్తున్నప్పుడు, వాళ్ళు అడిగే దాకా ఆగకండి. "నేనూ వస్తాను, నా నడక నాది" అని ముందే చెప్పి చూడండి. ఏమన్నారో నాకు రాయండి.