చెవుల మోత నాటకం కాదు, ఫోర్‌మన్ సాబ్

ఈ ముచ్చట మీకోసం, మీ మీద అరిచే నాలాంటి సూపర్‌వైజర్ల కోసం కలిపి రాస్తున్న.

సైటు మీద రోజూ వినే మాట ఒకటుంది: "ధ్యాస ఎక్కడ పెట్టినవ్ రా?" 240 సెంటీమీటర్లు అంటే 214 కోసుకొచ్చిండు. మూడు సామాన్లు తెమ్మంటే రెండే తెచ్చిండు. కిందికి దిగి, ఎందుకు దిగిండో మర్చిపోయి నిలబడ్డడు. వెంటనే ఫోర్‌మన్ తీర్పు చెప్తడు: పనిదొంగ, రాత్రంతా ఫోన్ చూస్తడు. అట్లాంటోళ్లు ఉండొచ్చు, కాదనను. కానీ పదేండ్లు బ్రేకర్ పట్టిన మనిషిని, గ్రైండర్ పక్కన నిలబడ్డ మనిషిని "చెవుల మోత ఉన్నదా?" అని ఎవరన్నా అడిగిన్రా? ఎవరూ అడగరు. ఆయనా చెప్పడు. చెప్తే అన్‌ఫిట్ అని టికెట్ చేతుల పెడతరని భయం.

ఆ మోత కొందరికి ఈల లెక్క, కొందరికి కీచురాళ్ల రొద లెక్క, కొందరికి జనరేటర్ బంద్ చేసినా ఆగని గుయ్యి లెక్క ఉంటది. పక్కనోనికి వినబడదు. డాక్టర్లు దీన్ని టినిటస్ అంటరు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటయి. పెద్ద చప్పుడుకు అవి వడగండ్లకు వరి పడ్డట్టు పడిపోతయి. వరి మళ్లీ నాటుకోవచ్చు, ఇవి మళ్లీ మొలవవు. అటునుంచి శబ్దం తగ్గేసరికి మెదడు తనే వాల్యూమ్ పెంచుకుంటది. ఆ పెంచినప్పుడు వినబడేదే ఈ మోత.

ఇంక ధ్యాస సంగతి. మనిషికి ఉన్న ధ్యాసల కొంత ఆ మోతే తినేస్తది. చెయ్యికి అలవాటైన పని, బ్లాకు కట్టుడు, రాడ్ కట్టుడు, నడిచిపోతనే ఉంటది. కొత్త కొలత మనసుల పట్టుకోవాలె, ఒక కన్ను లెవెల్ మీద, ఒక చెవి క్రేన్ సిగ్నల్ మీద పెట్టాలె అన్నప్పుడు దొరికిపోతడు. "పొద్దటిసంది మంచిగనే కట్టిండు గదా, కొలత చెప్పంగనే మర్చిపోయిండా? నాటకం!" అనే ఫోర్‌మన్‌కు నా జవాబు ఇదే: ఆ జబ్బు గుణమే అది. వెనుక లారీ రివర్స్ హారన్ కొడుతుంటే ఒక్క సెకను ఆలస్యంగ తిరిగితే ఏమైతదో నీకు తెల్వదా?

దానికి తోడు నిద్ర. అజ్మాన్ క్యాంపు రూముల లైటు బంద్ అయినంక, అంతా సద్దుమణిగినంక మోత ఇంకా పెద్దగైతది. తెల్లారి నాలుగింటికి లేచి దుబాయి సైటుకు బస్సెక్కాలె. ఇంటామె ఫోన్ల చిట్టీ లెక్క చెప్తుంటే "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తడు. ఈయన మనసు మారిందని ఆమె ఏడుస్తది.

అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడుల 8 గంటలే హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ టైము సగం అయితది. 100 దగ్గర 15 నిమిషాలే. బ్రేకర్ పట్టినోని చెవి దగ్గర 100 దాటుడు మామూలే. మరి మనోడు పట్టేది ఎన్ని గంటలు? మీటరు లేదంటవా, చెయ్యి చాచినంత దూరంల ఉన్నోనితో అరిచి మాట్లాడాల్సి వస్తే హద్దు దాటినట్టే లెక్క.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని బంద్. పెట్టిస్తే మనిషికి 5,000 దిర్హాముల జరిమానా, అందుకే భయపడతరు. ఎండదెబ్బకు మనిషి కిందపడతడు, పదిమంది చూస్తరు. చెవి దెబ్బకు ఎవడూ కిందపడడు. అందుకే ఇయర్ ప్లగ్గులు సేఫ్టీ ఆఫీసర్ ఫోటో దిగేదాకే, తర్వాత స్టోరుల. జత ఖరీదు ఒక కడక్ చాయంత కూడా ఉండదు! రక్షణ సామాను ఇచ్చుడు, నేర్పుడు కంపెనీ పని అని 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం చెప్తది. అడుగుడు మన హక్కు.

ఫోర్‌మన్ సాబ్, బ్రేకర్ ఒక్కని మీదనే రుద్దకు, మార్చి మార్చి పట్టించు. కొలత నోటితో అరవకు, పలక మీద చాక్‌పీసుతో రాసియ్యి. నేను రాసే ఇస్త, కోత తప్పుడు తగ్గింది, కట్టె కూడా మిగిలింది.

తమ్మీ, నీకూ ఒక మాట. "మొగోనికి ప్లగ్గెందుకు" అనకు. దూది పనిచెయ్యదు. చేతులు కడిగి ఫోమ్ ప్లగ్గును సన్నగ చుట్టు, ఇంకో చేత్తో చెవిని పైకి గుంజి పెట్టు, ఉబ్బేదాక అరనిమిషం వేలు తియ్యకు. వేడి నూనె పొయ్యకు, అగ్గిపుల్లతో కెలకకు. మోతను పూర్తిగ మాపే గోలీ ఇప్పటిదాక రాలేదు. ఎవడన్నా అమ్మితే పైసలియ్యకు. పండుకునేటప్పుడు ఫ్యాను చప్పుడో, సన్నగ వాన చప్పుడో ఫోన్ల పెట్టుకుంటే కొంత సుఖం.

2025 జనవరి 1 నుంచి అజ్మాన్ల కూడా వీసా కొత్తగ తీసినా, రెన్యువల్ చేసినా కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ కట్టాల్సిందే. ఆ పైసలు నీ జీతంల కొయ్యొద్దు. కార్డు తీసుకొని చెవి డాక్టరుకు చూపించుకో, వినికిడి పరీక్ష కాయిదం దాచుకో. కంపెనీ తిప్పలు పెడితే దుబాయిల ఉన్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 మీద ఫోన్ చెయ్యి, పైసలు పడవు. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుంట అయితే మాత్రం శుక్రవారం దాక ఆగకు, ఆ రోజే దవాఖానకు పో.