విశ్వవిద్యాలయములకు విత్తనపు సొమ్ము



కేంద్రప్రభుత్వము 2025 జూలైలో లక్ష కోట్ల రూపాయలతో పరిశోధన, అభివృద్ధి నిధిని మంజూరు చేసినది. నవంబరులో ప్రధానమంత్రి దానిని ప్రారంభించిరి. మొత్తము పెద్దదే. కాని నిబంధనలు చదివినవారికి ఒక సంగతి కనబడక మానదు. ఈ సొమ్ము ముఖ్యముగా ప్రైవేటు రంగమునకు, దీర్ఘకాలపు తక్కువ వడ్డీ ఋణముగా పోవును. అదియును వస్తువు ప్రయోగశాల దాటి కొంత దూరము నడిచిన పిమ్మటనే. ఆచార్యుని బల్లమీద పనిచేసినది బయట పదిమంది చేతులలో పనిచేయునా అని చూచుటకు కావలసిన నాలుగైదు లక్షల మాట అందులో లేదు.

ఈ లోటు నేటిది కాదు. ప్రయోగశాలలలో కనిపెట్టిన వానిని పరిశ్రమలకు అందించుటకై జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థను 1953లోనే నెలకొల్పిరి. ఓటు వేసినప్పుడు మన వేలికి పూయు సిరా ఆ దారినే వచ్చినది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దానిని రూపొందించగా, ఈ సంస్థ ద్వారా 1962లో మైసూరులోని ప్రభుత్వ రంగుల కర్మాగారమునకు లైసెన్సు ఇచ్చిరి. నేటికిని అక్కడనే తయారగుచున్నది, ఇతర దేశములకును పోవుచున్నది. అయితే ఆ సిరా విషయమున వంటయు సిద్ధముగా నుండెను, విస్తరి ముందు కూర్చున్న ఎన్నికల సంఘమును సిద్ధముగా నుండెను. అన్నింటికి అట్టి యోగము పట్టదు.

హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వారి కథ చూడుడు. 1990 దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో పని మొదలిడి, 1997లో హెపటైటిస్-బి టీకాను దిగుమతి టీకా ధరలో స్వల్పభాగమునకే తెచ్చిరి. ఆరంభములో వరప్రసాద్ రెడ్డిగారికి పెద్ద ఆసరా దొరికినది మన బ్యాంకులలో కాదు, ఒమాన్ దేశపు విదేశాంగ మంత్రి వద్ద! 2009లో ఆ సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ వారి చేతికి పోయినది. ఎవరిని తప్పు పట్టవలెనో నాకు తోచదు. విత్తు నాడు గింజ ఇవ్వనివారు పంట పోయినదని ఏడ్చుట మాత్రము సబబు కాదు.

మా హోసూరులో నేడు ఏథర్ విద్యుత్ స్కూటర్ల కర్మాగారమున్నది. 2021లో తెరచిరి. దాని పుట్టుక మదరాసు ఐ.ఐ.టి.లో, 2013లో. మరుసటి సంవత్సరము ఆ ఇద్దరు యువకుల చేతికందిన తొలి సొమ్ము లక్షలలో లెక్కయే గాని కోట్లలో కాదు. అందులో ప్రభుత్వ సాంకేతికాభివృద్ధి మండలి వాటాయు, ఆ విద్యాలయపు పూర్వవిద్యార్థి యొకరి వాటాయు కలవు. 2025 మే నెలలో ఆ కంపెనీ వాటాలు స్టాకు మార్కెటు కెక్కినవి. మా పిల్లలు కొందరికి అక్కడ పని దొరకుట సంతోషమే. కాని అట్టి తొలి సొమ్ము ఐ.ఐ.టి. ప్రాకారము లోపలనే ఎందుకు దొరకవలెను? జిల్లా కాలేజీలోని రసాయనశాస్త్ర ఉపన్యాసకునకు బుద్ధి పుట్టదా?

2021లో 945 కోట్లతో ఒక విత్తన నిధి పథకము పెట్టిన మాట నిజము. నమూనా రుజువునకు 20 లక్షల వరకు గ్రాంటు, ఆపై 50 లక్షల వరకు పెట్టుబడి. కాని దరఖాస్తు చేయువాడు ముందుగా కంపెనీ స్థాపించి గుర్తింపు పొందవలెను. జీవసాంకేతికమునకు మాత్రము 2012 నుండి కంపెనీ లేని పరిశోధకునకును 50 లక్షల వరకు ఇచ్చు ఏర్పాటున్నది. తక్కిన శాస్త్రములు చేసిన పాపమేమి?

నా అనుభవమున అసలు అడ్డంకి డబ్బు కాదు, ఆడిట్. నేను గుమాస్తాగా నున్న ఒక కార్యాలయమున పరీక్షార్థము మూడు పొగలేని పొయ్యిలు కొనిరి. రెండు పగిలినవి. “నిష్ఫల వ్యయము” అని ఆడిట్‌వారు వ్రాసిరి. పరీక్ష యనగా పగులునో పగులదో చూచుటయే గదా అని మేము జవాబిచ్చితిమి. నాలుగేండ్లు కాగితములు నడచినవి. ఆ తపాలా ఖర్చుతో ఇంకొక డజను పొయ్యిలు వచ్చియుండును! అటుపిమ్మట మా అధికారి ఎవరేమి పరీక్షింతుమన్నను సంతకము పెట్టలేదు. ఆయనను తప్పు పట్టలేను. పెన్షను దగ్గరపడిన మనిషి.

విత్తనపు సొమ్ములో పెక్కు భాగము తిరిగి రాదు. కాబట్టి రాష్ట్ర విశ్వవిద్యాలయముల బడ్జెటులో దీనికి ప్రత్యేక పద్దు ఉండవలెను. మనిషికి ఐదు లక్షలకు మించకుండ, పని జరిగిన కొలది వాయిదాలలో ఇచ్చి, పరీక్ష సక్రమముగా జరిగి లెక్క సరిగా నున్నచో, ఫలితము లేకపోయినను ఆక్షేపణ రాదని ముందే ఉత్తర్వు వ్రాయవలెను. మార్చి 31న మిగిలిన సొమ్ము మురిగిపోరాదు. ఫలించినచో విశ్వవిద్యాలయమునకెంత, కనిపెట్టినవానికెంత అను ఒప్పందమును మొదటి వాయిదాకు ముందే సంతకము కావలెను. ఈ వాటాల విషయమై 2008లో రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టి, 2014లో ఉపసంహరించుకొనిరి.

మా వైపు గులాబీ తోటలవారు ధర పడిన రోజున పూలు రోడ్డు ప్రక్కన పారబోయుదురు. ఆ పూలను నాలుగు దినములు అదనముగా నిలుపు ఉపాయమెరిగిన ఉపన్యాసకుడు, నేడు ఏ కార్యాలయపు తలుపు తట్టవలెనో తెలిసిన పాఠకులు మీ పత్రిక ద్వారా తెలుప ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా
హోసూరు