కుందేళ్ల యూనిట్ కొనేముందు ఈ లెక్క చూడండి

బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఆఫర్ రాలేదు. ఊళ్లో నాన్నకు కాస్త మామిడి తోట ఉంది. మీరు ఈ పరిస్థితిలో ఉంటే మీ ఫోన్‌లోకి ఒక రకం వీడియో తప్పకుండా వచ్చి ఉంటుంది. వరుసగా పంజరాలు, వాటిలో తెల్ల కుందేళ్లు, మధ్యలో నిలబడి మాట్లాడే మనిషి. ‘ఏడు ఆడవి, మూడు మగవి తీసుకెళ్లండి. పిల్లల్ని మేమే తిరిగి కొంటాం. అగ్రిమెంట్ రాసిస్తాం’ అంటాడు. కార్వేటినగరం, పుత్తూరు, నారాయణవనం వైపు చదువుకునే కుర్రాళ్లకు ఈ మాట కాస్త గట్టిగానే తగులుతుంది. ఇంటి దగ్గర స్థలముంది, చెన్నై మార్కెట్ దగ్గర, ఉద్యోగం మాత్రం దూరం.

కుందేళ్ల పెంపకం మోసం కాదు. చైనా, ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్‌లలో అది పెద్ద పరిశ్రమ. మన పక్కన కేరళలో, తమిళనాడులో చిన్న రైతులు మాంసం కోసం పెంచుతున్నారు. చట్టమూ అడ్డు కాదు, కాకపోతే అక్కడ ఒక మెలిక నడిచింది. 2014లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల్లోని మాంసపు జంతువుల జాబితాలో కుందేలు పేరు లేదని చెప్పి దాని మాంసం అమ్మకాన్ని ఆపేశారు. కేరళ రైతులు గగ్గోలు పెట్టారు. తర్వాత నిబంధన సవరించి ‘పెంపుడు కుందేలు’ను జాబితాలో చేర్చారు. కాబట్టి న్యూజిలాండ్ వైట్, సోవియట్ చిన్‌చిల్లా లాంటి పెంపుడు జాతుల్ని పెంచొచ్చు, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ తీసుకుని మాంసం అమ్మొచ్చు. (న్యూజిలాండ్ వైట్ పేరు చూసి మోసపోకండి, ఆ జాతి తయారైంది అమెరికాలో.) కొండ కింద చేలల్లో తిరిగే చెవులపిల్లి సంగతి వేరు. అది 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తుంది. పట్టినా, అమ్మినా కేసే.

అనుమానించాల్సింది పెంపకాన్ని కాదు, ‘మేమే తిరిగి కొంటాం’ అనే మాటను. ఆ కంపెనీకి ఆదాయం ఎక్కణ్నుంచి వస్తోందో చూడండి. మాంసం అమ్మి వస్తోందా, మీలాంటి కొత్తవాళ్లకు యూనిట్లు అమ్మి వస్తోందా? రెండోదైతే ఈ నెల మీ పిల్లల్ని కొనే డబ్బు వచ్చే నెల చేరబోయే వాడి జేబులోంచి రావాలి. చేరేవాళ్లు తగ్గిన రోజు ఫోన్ స్విచాఫ్. ఈము పక్షుల కథ ఇదే. తమిళనాడు ఈరోడ్ జిల్లా పెరుందురైలో సుసి ఈము ఫామ్స్ 2012లో కూలిపోయినప్పుడు వేలమంది డబ్బు పోయింది. మన రాష్ట్రంలోనూ ఈము ఫారాలు పెట్టినవాళ్లు చివరికి మేత పెట్టలేక పక్షుల్ని వదిలేసుకున్నారు. 2024 నవంబరులో గాడిద పాల పేరుతో మోసపోయామని తెలుగు రైతులూ హైదరాబాద్‌లో మీడియా ముందుకొచ్చారు. జంతువు మారుతోంది, అగ్రిమెంట్ నమూనా మారడం లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. కుందేలును కోస్తే బతికున్న బరువులో సగం, మహా అయితే 55 శాతం మాంసం వస్తుంది. కంపెనీ వాడు బతికున్న కుందేలును కిలో 400కు కొంటానంటే, అతనికి మాంసం కిలో 800 దాకా పడినట్టు. అతని ఖర్చు, లాభం, కొట్టువాడి లాభం ఇంకా కలవలేదు. మీ ఊరి మటన్ రేటు పక్కన పెట్టి చూడండి. ఆ ధరకు కుందేలు మాంసం ఎవరు కొంటారు? ఎవరూ కొనరనిపిస్తే, అతను అమ్ముతున్న సరుకు మాంసం కాదు.

ఇప్పుడు పిల్లల లెక్కకు వద్దాం. ఇంజనీరింగ్ చదివాం కదా, ఎక్సెల్ షీట్ మనకు కొత్త కాదు. వీడియోలో చెప్పేది ఏడు ఆడ కుందేళ్లు, ఏడాదికి ఎనిమిది ఈతలు, ఈతకు ఎనిమిది పిల్లలు, మొత్తం 448. గుణకారం తప్పు లేదు. తప్పంతా లోపల వేసిన అంకెల్లో ఉంది. కుందేలు చూలు 30, 31 రోజులు. ఎనిమిది ఈతలు రావాలంటే ఈనిన రెండు వారాలకే మళ్లీ కట్టించాలి. ఒక పక్క పాలిస్తూ ఇంకో పక్క చూలు మోసే తల్లి మన ఎండల్లో ఎన్నాళ్లు నిలుస్తుంది? పిల్లల్ని ఐదు వారాలకు విడదీసి ఆ తర్వాత కట్టిస్తే, ఒకట్రెండు సార్లు కట్టు నిలవకపోవడం కూడా కలుపుకుంటే ఏడాదికి ఐదు ఈతలు. ఈతకు ఆరు వేసుకోండి. పిల్లలు ఒంటి మీద వెంట్రుక లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. కళ్లు తెరవడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఈలోగా చీమలు, చలి, పాలు చాలకపోవడం. వందకు ఇరవై పోతాయనుకుంటే తల్లికి ఏడాదికి 24 మిగులుతాయి. ఏడింటికి 168. వీడియో చెప్పిన 448 ఎక్కడ, ఇదెక్కడ?

పిల్ల రెండు కిలోలు తూగడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. తల్లుల, మగవాటి మేత కూడా కలిపితే, అమ్మే ప్రతి కిలో బరువుకు నాలుగైదు కిలోల దాణా పడుతుంది. లెక్క కోసం దాణా కిలో 30 రూపాయలు, బతికున్న కుందేలు కిలో 200 అనుకుందాం. మీ దగ్గరి ధరలు కనుక్కుని మార్చుకోండి. నాలుగున్నర కిలోల దాణా అంటే 135 రూపాయలు. కిలోకు మిగిలేది 65. పది తల్లులుంటే ఏడాదికి 240 పిల్లలు, 480 కిలోలు, 31,200 రూపాయలు. నెలకు 2,600. ఇందులో పంజరాల ఖర్చు, మందులు, కరెంటు, మీ కూలి తీయలేదు. నెలకు ఇరవై వేలు కావాలంటే దాదాపు 80 తల్లులు ఉండాలి. అప్పుడు నెలనెలా 160 కుందేళ్లు, అంటే 320 కిలోలు అమ్మాలి. కార్వేటినగరం సంతలో నెలకు 160 కుందేళ్లు ఎవరు కొంటారు? నా దృష్టిలో ఈ వ్యాపారం తేలేది ఈ ప్రశ్న దగ్గరే. పెంచడం నేర్చుకోవచ్చు, కొనేవాణ్ని మాత్రం ముందే వెతుక్కోవాలి. పుత్తూరులో, తిరుపతిలో, సరిహద్దు దాటి పళ్లిపట్టులో హోటళ్లకు, మాంసం కొట్లకు వెళ్లి ‘వారానికి ఎన్ని తీసుకుంటారన్నా?’ అని అడగండి. ఆ జవాబులే మీ ప్రాజెక్ట్ రిపోర్ట్.

దాణా ఖర్చు తగ్గించుకునే దారి మనవైపు ఉంది. దశరథ గడ్డి, సుబాబుల్, మునగాకు తోట గట్టు మీదే పెంచుకోవచ్చు. పచ్చిమేతతో దాణా కొంత తగ్గుతుంది, పూర్తిగా మానేస్తే పిల్ల బరువు రాదు. శెనక్కాయ చెక్క మంచిదే కానీ బూజు పట్టింది పెడితే విషం పెట్టినట్టే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటి మందులు కుందేలుకు నోటి ద్వారా ఇస్తే పేగుల్లో ఉండాల్సిన బ్యాక్టీరియా చచ్చి అది ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. నేను టెక్ బ్లాగు రాసుకునేవాణ్ని, పశువుల డాక్టర్‌ని కాను. మీరూ కారు. మందుల షాపు సలహాతో నడిపించకండి.

సర్కారు సాయం సంగతి కూడా వీడియోలో తప్పుగానే ఉంటుంది. 11వ పంచవర్ష ప్రణాళిక రోజుల్లో గొర్రెలు, మేకలతో పాటు కుందేళ్లకూ నాబార్డు ద్వారా నడిచిన పథకం ఒకటుండేది. ‘కుందేళ్లకు సబ్సిడీ’ అని ఇప్పటికీ చూపించేది ఎక్కువగా ఆ పాత కాగితాలే. 2021లో మార్చిన జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో 50 శాతం మూలధన సబ్సిడీ నాటుకోళ్లు, గొర్రెలు, మేకలు, పందులకు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో గుర్రం, గాడిద, ఒంటె కూడా చేరాయి. కుందేలు చేరలేదు. సబ్సిడీ ఇప్పిస్తామని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే మాట్లాడండి. జిల్లాలు విడిపోయినా కార్వేటినగరం చిత్తూరు జిల్లాలోనే ఉంది కాబట్టి మీరు వెళ్లాల్సింది చిత్తూరుకు. పెంపకం గురించి అడగాలంటే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దగ్గర.

ఇవన్నీ విన్నాక కూడా చేయాలనిపిస్తే చిన్నగా మొదలుపెట్టండి. నాలుగు ఆడవి, ఒక మగది చాలు. అగ్రిమెంట్ వద్దు. కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు దగ్గర కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వైట్ జయంట్, సోవియట్ చిన్‌చిల్లా జాతుల్ని పెంచుతోంది. జాతి శుద్ధంగా ఉంటుంది కానీ అక్కడి చలికి అలవాటు పడ్డ జంతువును ఏప్రిల్‌లో కార్వేటినగరం తెస్తే తట్టుకోవడం కష్టం. అందుకే మీ వాతావరణంలో ఒక ఎండాకాలం దాటిన కుందేళ్లు దొరికితే కొంచెం తక్కువ జాతివైనా అవే మేలు. కట్టించేటప్పుడు ఆడదాన్ని మగదాని పంజరంలోకి తీసుకెళ్లాలి. మగదాన్ని ఆడదాని దగ్గరికి తెస్తే కరిచి తరుముతుంది. 28వ రోజుకల్లా ఈనే పెట్టె పెట్టాలి. తల్లి రోజుకు ఒక్కసారే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పట్టించుకోవడం లేదని కంగారుపడి చేత్తో తీసి పెట్టక్కర్లేదు.

ఎండ సంగతి చివరికి ఉంచాను. కుందేలుకు 15 నుంచి 25 డిగ్రీలు హాయి. 30 దాటితే రొప్పడం మొదలు, 35 దాటితే చావులు. మన దగ్గర ఏప్రిల్, మేలలో 40 మామూలే. రేకుల షెడ్డు వేస్తే పొయ్యి మీద పెట్టినట్టే. మామిడి చెట్ల నీడలో బోద కప్పిన కొట్టం, పక్కలకు తడిపిన గోతాలు, ఫ్యాన్ ఉండాలి. ఇవన్నీ ఉన్నా ఆ వేడికి మగదాని వీర్యం దెబ్బతింటుంది, వాన పడి చల్లబడ్డాక అది కోలుకోవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. అంటే ఏప్రిల్ నుంచి జూలై దాకా కట్టినవి నిలవకపోవచ్చు. చూలు నెల, పిల్ల ఎదగడానికి మూడు నెలలు కలిపితే ఆ దెబ్బ మీ చేతికి వచ్చే డబ్బులో కనిపించేది ఆగస్టు నుంచి నవంబరు మధ్య. ఎక్సెల్ షీట్‌లో ఆ నెలల గళ్లలో సున్నా వేసి, మిగిలిన నెలల డబ్బుతో దాణా బిల్లు కట్టగలరేమో చూసుకోండి.