అవ్వ ఆకలి అర్థమయ్యేంత తెలుగైనా

మొన్న ఆదివారం తుడియలూరులో మా అవ్వను చూడబోయాం. మతిమరుపు జబ్బు ముదిరింది, మమ్మల్ని గుర్తుపట్టలేదు. అంగట్లో, బస్సులో జీవితమంతా తమిళం మాట్లాడిన మనిషికి ఇప్పుడు తెలుగే మిగిలింది. ఈ జబ్బులో చాలామందికి తరువాత నేర్చిన భాష ముందు జారిపోతుంది.

"ఆకలేస్తాంది" అంది అవ్వ. పక్కనే ఉన్న మునిమనవరాలికి అర్థం కాలేదు. ఆ పిల్లకు ఇంట్లో తమిళం, బడిలో ఇంగ్లీషు.

మేము సందగై చేశాం. ఆవిరిమీద ఉడికిన బియ్యప్పిండిని వేడిగా ఉండగానే మరలో ఒత్తి, కొబ్బరిపాలు, బెల్లం కలిపాం. మెత్తగా ఉంటే ఆమెకు మింగడం తేలిక. రెండు ముద్దలు తిని, "బెల్లం చాల్లేదే" అని పిల్లవైపు చూసి నవ్వింది. మేము అర్థం చెప్పాక పిల్ల పరుగున బెల్లం తెచ్చింది.

2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చినప్పటినుంచి మన మాటలన్నీ పరీక్షల చుట్టూనే. ఆ పోరాటం కావలసిందే, తమిళమూ రావలసిందే. కానీ తెలుగు అవసరం మార్కుల పట్టీతో తీరేది కాదు. తల్లిదండ్రులారా, వారానికొక పూట పిల్లలను పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. ఆకలి, దాహం, నొప్పి, నిద్ర: ముందు ఈ మాటలు నేర్పండి. బడిలో మేమూ వీటితోనే మొదలుపెడదాం.