గేటు దగ్గరే ఆగిన సకినాల డబ్బా

మా అత్తమ్మకు హిందీ రాదు. గేటు దగ్గరి జవానుకు తెలుగు రాదు. వాళ్ళిద్దరి మధ్య సకినాల డబ్బా పట్టుకుని నేను నిలబడ్డాను.

మావాడు అగ్నివీర్‌గా ట్రైనింగ్‌కు పోయి అప్పటికి మూడు నెలలు. వాళ్ళ నాన్న దుబాయ్‌లో ఉన్నారు. మనుమణ్ణి చూడాలని అత్తమ్మ ఒకటే పోరు. "ఆదివారం రావచ్చట అమ్మా" అని వాడు ఫోన్‌లో చెప్పిన ఒక్క మాట పట్టుకుని కొడిమ్యాల నుంచి కరీంనగర్, అక్కణ్ణుంచి హైదరాబాద్, ఆపైన రైలు ఎక్కి పోయాం. ఏ సెంటరో చెప్పను, ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు ఇది.

వాడు లోపల రాసిచ్చిన పేరు లక్ష్మి. ఆధార్‌లో ఉన్నది లచ్చవ్వ. నన్ను పంపారు, ఆమెను ఆపారు. ఫోన్లు బయట పెట్టి రమ్మన్నారు, ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. తినేవి లోపలికి రావన్నారు. డబ్బా, ఫోన్లు అత్తమ్మ ఒళ్ళో పెట్టి లోపలికి పోయాను. గంట తర్వాత వస్తే ఎండలోనే కూర్చుని ఉంది. "పిలగాడు చిక్కిండా?" అని మాత్రం అడిగింది.

ఇది చదివి "మిలిటరీ అంటే చుట్టాలిల్లా?" అనేవాళ్ళు ఉంటారు. కాదు, నాకూ తెలుసు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ మీద, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఉరి మీద దాడులు జరిగాయి. 2020లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు తీసెయ్యమని సైన్యం తనవాళ్ళకే చెప్పింది. కొడుకుతో ఫోటో దిగి స్టేటస్‌లో పెట్టుకోనివ్వలేదని అలిగే తల్లులకు నేనే చెబుతాను, ఆ ఫోటో వద్దు. వెనక కనబడే గోడ, గేటు ఎవరికి పనికొస్తాయో మనకు తెలియదు. పేరు కలవకపోతే ఆపడం కూడా ఆ జవాను డ్యూటీయే. వాడూ ఒక తల్లి కొడుకే.

నా పోరు నియమాల మీద కాదు. చెప్పని నియమాల మీద.

పిల్లాడికి 18 నిండకపోతే తల్లిదండ్రుల సంతకం లేకుండా అగ్నివీర్‌గా తీసుకోరు. నాలుగేళ్ళ సర్వీసుకు 48 లక్షల బీమా ఉంది. ఆ నామినీ గడిలో చాలామంది పిల్లలు అమ్మ పేరే రాస్తారు. సంతకానికి, నామినీకి గుర్తొచ్చే అమ్మకు, కొడుకును చూడటానికి ఏం తెచ్చుకోవాలో ముందే చెప్పే బాధ్యత ఎవరిది?

ఒక్క కాగితం చాలు, తెలుగులో. ఏ రోజు, ఏ టైంకు రావాలి, ఎవరెవరు రావచ్చు, ఏ కార్డు తేవాలి, ఏం తేకూడదు. పిల్లాడు చేరిన రోజే ఇంటికి పంపొచ్చు. గేటు బయట ఇంత నీడ, మంచినీళ్ళు, ఒక బాత్‌రూం, ఫోన్లు పెట్టుకునే చోటు. ఇందులో దేశభద్రతకు అడ్డొచ్చేది ఏముంది? ముందే తెలిసిన జనం వస్తే గేటు దగ్గర గొడవ తగ్గుతుంది, కాపలాకే సులువు.

"మిలిటరీవాళ్ళను అడుగుతామా?" అని నోరు మూసుకోకండి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో భద్రత పేరుతో రోడ్లు మూస్తే అక్కడి జనం ఏళ్ళ తరబడి అడిగారు. నిర్మలా సీతారామన్ రక్షణ మంత్రిగా ఉండగా, 2018 మేలో, దేశంలోని కంటోన్మెంట్ రోడ్లు తెరవాలని ఆదేశాలు వచ్చాయి. అడగడం దేశద్రోహం కాదు.

ఈలోపు మన జాగ్రత్త మనది. బయలుదేరే ముందు ఆ ఆదివారం విజిట్ ఉందో లేదో వాడితోనే కనుక్కోమనండి. పిలుపు పేరు కాదు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా రాయించండి. తినేవాటి సంగతి ముందే అడగండి. ఎంత బతిమాలినా దొంగచాటుగా ఫోన్ ఇవ్వకండి. దొరికితే శిక్ష పడేది వాడికే.

సకినాలు మళ్ళీ మా ఇంటికే వచ్చాయి. అత్తమ్మ ఒక్కటి కూడా నోట్లో పెట్టలేదు. పాసింగ్ అవుట్ పరేడ్‌కు పోదామని రోజూ అంటోంది. ఈసారి మావాడికి నానమ్మ పేరు నేనే చెప్పి రాయించాను: లచ్చవ్వ.